కుంగిన మనసుకు మందు ఆగిపోకూడదు

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వంటి పట్టణాల్లో మన మహల్లాల్లోకి వెళితే చాలా ఇళ్ళలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఇంటి మగవాడు గల్ఫ్‌లో ఉంటాడు, లేదా ఆటో నడుపుకుంటాడు. ఇల్లాలు చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ ఉంటుంది. అలాంటి ఒక సోదరిని ఊహించుకుందాం. కాన్పు తర్వాత నెలల తరబడి ఆమెకు నిద్ర లేదు, ఆకలి లేదు. బిడ్డను దగ్గరకు తీసుకోవాలన్న కోరిక లేదు. నమాజుకు నిలబడితే కన్నీళ్ళు ఆగవు. మొదట నజర్ తగిలిందన్నారు. తర్వాత అసరాత్ అన్నారు. చివరికి ఒక డాక్టరు ఇది డిప్రెషన్ అని చెప్పి గోలీలు రాశారు. రెండు నెలలు తిరిగేసరికి ఆమె ముఖంలో కళ వచ్చింది. నాలుగో నెలలో గోలీలు ఆగిపోయాయి. ఎందుకమ్మా అని అడిగితే, "పిల్లల ఫీజు కట్టాల్సి వచ్చింది. నా గోలీలదేముంది, తర్వాత చూసుకోవచ్చు" అంటుంది.

ఈ సోదరి ఊహే కావచ్చు, కానీ ఈ జవాబు మనకు కొత్తది కాదు. షుగరు మందుకు, బీపీ మందుకు ఎలాగో డబ్బు సర్దుకునే ఇల్లు కూడా మనసు మందును మాత్రం ముందుగా కోసేస్తుంది. ఇలాంటి రోగికి మందు ఆగిపోకుండా చూడడం మన ధర్మంలో ఎలాంటి పుణ్యకార్యమో, దానికి మార్గం ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇది వ్యాధి, విశ్వాస లోపం కాదు

"నమాజు సరిగ్గా చేస్తే ఇలాంటివి రావు" అని మనలో కొందరు తేలిగ్గా అనేస్తారు. ఇలా అనేవారు దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను ఒకసారి నెమ్మదిగా చదవాలి. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఎంత దుఃఖించారంటే ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి. సొంత కుమారులే ఆయన్ను తప్పుపట్టారు. ఆయన తన వేదనను అల్లాహ్ ముందే చెప్పుకున్నారు (12: 84-86). ఒక దైవప్రవక్త అంతటి దుఃఖాన్ని అనుభవించారంటే దుఃఖం విశ్వాస లోపానికి గుర్తు కాదని తేలడం లేదా? మన ప్రియ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కూడా దిగులు నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు (బుఖారి).

క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం విద్వాంసుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహ, మనోవ్యాధుల గురించి ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, ఏ కారణమూ కనిపించకుండా మనిషిని ఆవరించే దుఃఖం వేరు అని అందులో వివరించారు. రెండోదానికి మూలం దేహంలో ఉంటుందనీ, దేహానికి చికిత్స చేయాలనీ చెప్పారు. వెయ్యేళ్ళ క్రితం మన పెద్దలు గ్రహించిన విషయాన్ని నేడు మనం కాదనడం తగునా?

అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి నివారణ లేకుండా దించలేదని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారి). చికిత్స చేయించుకోమని సహచరులను ఆదేశించారు (అబూదావూద్). కాబట్టి దుఆ చేయడం, ఖుర్ఆన్ పారాయణం, మందు వేసుకోవడం ఒకదానికొకటి విరోధం కావు. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధన (తిర్మిజీ) ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మందు మధ్యలో ఆగితే

డిప్రెషన్ మందు తలనొప్పి గోలీ లాంటిది కాదు. వేసుకున్న రోజే ఫలితం కనిపించదు. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వాడాలని వైద్యులు చెబుతారు. బాగయ్యానని మానేసినా, డబ్బులు లేక మానేసినా వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆందోళన కలగవచ్చు. దీన్ని చూసి "గోలీలకు అలవాటు పడిపోయింది" అని ఇరుగుపొరుగువారు భయపెడతారు. మత్తు పదార్థాల వ్యసనం వేరు, ఇది వేరు. మానాల్సిన సమయం వచ్చినప్పుడు డాక్టరే మోతాదును మెల్లమెల్లగా తగ్గించి ఆపిస్తారు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళ లోపు వారిని ఇంటివారు కనిపెట్టి ఉండాలి. అశాంతి పెరిగినా, చావు మాటలు మాట్లాడినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. రమజాన్ నెలలో రోజా కోసమని మందు మానవద్దు. ఇఫ్తార్ తర్వాతనో, సహరీలోనో వేసుకునేలా వేళ మార్చవచ్చేమో ముందుగానే డాక్టరును అడగండి. మార్చడానికి వీలు లేకపోతే రోగికి అల్లాహ్ స్వయంగా ఇచ్చిన సడలింపు ఉంది (2: 184-185).

ఖర్చు తగ్గించే మార్గాలు

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఇరవై మందిలో ఒకరు జీవితంలో ఏదో ఒక సమయంలో డిప్రెషన్‌కు లోనవుతున్నారు. మానసిక రోగి ఉన్న కుటుంబానికి చికిత్సకు, ప్రయాణాలకు కలిపి నెలకు 1,000 నుంచి 1,500 రూపాయల దాకా ఖర్చవుతున్నదని కూడా ఆ సర్వే తెలిపింది. బీడీలు చుట్టే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. పైగా ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూలి కూడా పోతుంది. కాబట్టి దానం గురించి ఆలోచించే ముందు ఖర్చు తగ్గే దారులు చూడాలి.

మొదటిది, ప్రభుత్వ ఆస్పత్రి. ఒకప్పుడు మానసిక వైద్యం అంటే మన ప్రాంతంవారికి హైదరాబాద్ ఎర్రగడ్డే గుర్తుకొచ్చేది. నేడు పరిస్థితి మారింది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో ఏర్పడింది. జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల ఆస్పత్రికి మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నియమం. ముందు అక్కడ విచారించండి. తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న ప్రారంభమైంది. దారి ఖర్చుకు భయపడి ఆగిపోయిన సోదరీమణులకు ఈ విషయం చెప్పాలి.

రెండోది, చట్టం ఇచ్చిన హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న మానసిక రోగికి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత చికిత్స పొందే హక్కు ఉందని ఈ చట్టం చెబుతుంది. అత్యావశ్యక ఔషధాల జాబితాలోని మానసిక వ్యాధుల మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఉచితంగా అందుబాటులో ఉంచాలని కూడా చెబుతుంది. ఫ్లూయాక్సిటిన్, ఎస్సిటాలోప్రామ్, అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందులు 2022 జాతీయ జాబితాలో ఉన్నాయి. మందు లేదన్నారని వెంటనే వెనుదిరగకుండా, మళ్ళీ ఎప్పుడు వస్తుందో మర్యాదగా అడగాలి. అవసరమైతే సూపరింటెండెంటుకు దరఖాస్తు రాసివ్వాలి. ఇది భిక్ష కాదు, హక్కు.

మూడోది, జనరిక్ మందు. ఒకే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వేర్వేరు ధరలకు అమ్ముడవుతుంది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు కంపెనీ మందులకన్నా 50 నుంచి 90 శాతం తక్కువ ధరకు దొరుకుతాయి. కాబట్టి డాక్టరు ముందు కూర్చున్నప్పుడే సంకోచం లేకుండా, "డాక్టర్ గారూ, మాకు నెలనెలా కొనే శక్తి తక్కువ. ప్రభుత్వ ఆస్పత్రిలోనో, జన ఔషధిలోనో దొరికే మందు రాయండి" అని చెప్పాలి. అయితే డాక్టరును అడగకుండా ఒక మందుకు బదులు వేరే మందు మార్చుకోకూడదు. చీటీ లేకుండా కొనకూడదు.

జకాత్ ఇవ్వవచ్చా?

ఇవన్నీ చేసినా కొందరికి ఖర్చు మిగులుతుంది. ఇక్కడే మన బాధ్యత మొదలవుతుంది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను అల్లాహ్ తౌబా సూరాలో పేర్కొన్నాడు (9: 60). పేదలు, అగత్యపరులు, అప్పుల్లో చిక్కుకున్నవారు వాటిలో ఉన్నారు. డిప్రెషన్ రోగి పేదవాడైతే నిస్సందేహంగా జకాత్‌కు అర్హుడే. వైద్యం కోసం ఫైనాన్స్‌లో అప్పు తెచ్చి తీర్చలేకపోతున్నవాడు రుణగ్రస్తుల్లోకి వస్తాడు.

హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని స్వాధీనంలోకి రావాలి. కాబట్టి డబ్బు రోగి చేతికివ్వండి, లేదా ఆ డబ్బుతో మందు కొని అతని చేతిలో పెట్టండి. జకాత్ సొమ్మును ఆస్పత్రి భవనానికో, డాక్టరు జీతానికో వాడితే ఈ షరతు నెరవేరదు. వాటికి వేరే సదఖాలు ఉన్నాయి. తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యకు జకాత్ ఇవ్వకూడదు. వారి బాగోగులు చూడడం మన స్వంత బాధ్యత. భార్యతో ఉత్తమ రీతిలో జీవించమని అల్లాహ్ ఆదేశించాడు (4: 19). స్తోమత ఉండి కూడా ఆమె మందును అనవసర ఖర్చుగా లెక్కగట్టే భర్త ఈ ఆదేశాన్ని గుర్తుచేసుకోవాలి. పేద అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు మాత్రం జకాత్ ఇవ్వవచ్చు. బంధువుకిచ్చే దానంలో రెండు పుణ్యాలున్నాయి: దానం, బంధుత్వ సంబంధాల రక్షణ (తిర్మిజీ). ముస్లిమేతర పొరుగువారు ఇదే కష్టంలో ఉంటే నఫిల్ సదఖాతో ఆదుకోవచ్చు.

కొద్దిదైనా క్రమం తప్పకుండా

మన దానధర్మాల్లో ఒక లోటు ఉంది. రమజాన్‌లో వానలా కురుస్తాయి, షవ్వాల్ రాగానే ఎండిపోతాయి. బియ్యం సంచి, బట్టల జత ఒకసారి ఇచ్చినా అక్కరకొస్తాయి. కానీ ఈ వ్యాధి మందు ఒక్కసారి ఇస్తే చాలదు. రమజాన్‌లో రెండు నెలల మందు కొనిచ్చి తర్వాత మరచిపోతే, ఆ రోగి సగం దారిలో నిలిచిపోతాడు. కొద్దిదైనా సరే, నిరంతరం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని దైవప్రవక్త (స) ప్రవచించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారి, ముస్లిం). ఈ హదీసును ఆచరించడానికి ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది?

ఒక లెక్క చూడండి. జకాత్ లెక్కకు వచ్చే సొమ్ము 4,80,000 రూపాయలు ఉన్న వ్యక్తి చెల్లించాల్సింది 12,000. అంటే నెలకు 1,000 రూపాయలు. ఒక్కరి జకాత్ ఒక రోగిని ఏడాది పొడవునా నిలబెట్టగలదు. జకాత్ విధి కానివారు పదిమంది కలిసి నెలకు వందేసి వేసుకున్నా అంతే మొత్తం అవుతుంది. నిసాబు ఉన్నవారు రాబోయే సంవత్సరపు జకాత్‌ను ముందుగానే నెలనెలా చెల్లించవచ్చని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అనుమతించారు. సంవత్సరాంతంలో సరిగ్గా లెక్కచూసి, తక్కువైతే మిగతాది చెల్లించాలి.

మస్జిద్ కమిటీలు, బైతుల్‌మాల్ బాధ్యులు ఈ పద్ధతి పాటించవచ్చు:

1. నమ్మకస్తులైన ఇద్దరికి, వారిలో ఒక మహిళకు, ఈ పని అప్పగించాలి. రోగుల పేర్లు వారి దగ్గరే ఉండాలి.

2. చీటీ చూసి, ముందు ప్రభుత్వ ఆస్పత్రి, తర్వాత జన ఔషధి, ఆ తర్వాతే మెడికల్ షాపు అన్న వరుసలో మందు తేవాలి.

3. మందు అయిపోవడానికి వారం ముందే తర్వాతి నెల మందు రోగి చేతికి అందాలి.

4. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ గుర్తుచేయాలి. తోడు లేనివారికి తోడు పంపాలి.

5. ఒక రోగి బాధ్యత తీసుకుంటే డాక్టరు ఆపమనేదాకా వదలకూడదు. పదిమందికి రెండు నెలలు ఇవ్వడం కన్నా ఇద్దరికి ఏడాది ఇవ్వడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యం గోప్యత. రహస్యంగా పేదలకిచ్చే దానం మరింత మేలని దివ్యఖుర్ఆన్ చెబుతోంది (2: 271). దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని హెచ్చరిస్తోంది (2: 264). మైకులో పేరు చదవడం, ఫొటో తీయడం ఎవరికైనా బాధే. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయన్న భయంతో వ్యాధిని దాచుకునే కుటుంబానికైతే అది దెబ్బ మీద దెబ్బ.

మీ ఇంట్లోనో, పొరుగునో ఎవరైనా బతకాలని లేదంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. మందలించవద్దు, ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రళయదినాన అల్లాహ్ తన దాసునితో, నేను జబ్బుపడితే నన్ను పరామర్శించడానికి నీవు రాలేదని అంటాడనీ, ఫలానా దాసుడు జబ్బుపడినప్పుడు అతని దగ్గరికి వెళ్ళి ఉంటే నన్ను అక్కడే పొంది ఉండేవాడివని తెలియజేస్తాడనీ హదీసులో ఉంది (ముస్లిం). జ్వరంతో మంచం పట్టినవారిని మనం పరామర్శిస్తాం. చాట ముందు తలవంచుకుని మౌనంగా కూర్చున్న సోదరి కూడా రోగే. ఈ జుమా నాడు ఆమె ఇంటికి మన ఇంటి ఆడవారిని పంపుదాం. గోలీలు ఉన్నాయా, అయిపోయాయా అని నెమ్మదిగా అడిగి రమ్మందాం. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! మన కొద్దిపాటి సహాయాన్ని నిరంతరం చేసే సద్బుద్ధినిచ్చి స్వీకరించుగాక! ఆమీన్.