పాత జీపు హద్దు దాటితే: భద్రాచలం దారిలో తరచూ అడిగే ప్రశ్నలు

భద్రాచలంలో బయల్దేరి దుమ్ముగూడెం వైపు బండి తిప్పితే ఊరు దాటీ దాటకముందే ఎటపాక వస్తుంది. అక్కడితో రాష్ట్రం మారినట్టే. కాసేపు పోయాక మళ్లీ తెలంగాణ. 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని చింతూరు మీదుగా కుంట చేరితే ఛత్తీస్‌గఢ్. శబరి, సీలేరు కలిసేచోట మోటు, అది ఒడిశా. ఒక్క పూటలో నాలుగు రాష్ట్రాల మట్టి తొక్కగల బండ్లు మనవి. వాటిలో ముప్పై నలభై ఏళ్లు దాటిన జీపులూ ఉన్నాయి. వాటి యజమానులు పెట్రోలు బంకు దగ్గర, మెకానిక్ షెడ్డులో, ఆర్టీవో ఆఫీసు మెట్ల మీద అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఇవి.

బండి పుట్టుక

ప్రశ్న: అమెరికా పేరున్న పాత బండ్లు ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకు ఉంటాయి?

దిగుమతి సుంకం వల్ల. తయారైన బండిని హద్దు దాటిస్తే పన్ను ఎక్కువ, విడిభాగాలు తెచ్చి అక్కడే బిగిస్తే తక్కువ. కెనడా దీనికి మంచి ఉదాహరణ. అక్కడి పాంటియాక్ కార్లు పైకి పాంటియాక్‌లే, పెద్ద సైజు వాటిలో చాలా ఏళ్లపాటు చాసిస్, ఇంజను మాత్రం షెవర్లేవి. ఫోర్డు ట్రక్కే మెర్క్యురీ పేరుతో, డాడ్జి ట్రక్కే ఫార్గో పేరుతో అక్కడ అమ్ముడుపోయేవి. చిన్న ఊళ్లలో ఒక్కడే డీలరు ఉంటే అతని దగ్గర కారూ ట్రక్కూ రెండూ దొరకాలన్నది ఇంకో కారణం. 1965లో అమెరికా, కెనడా వాహన ఒప్పందం చేసుకున్నాక ఈ తేడాలు మెల్లగా తగ్గాయి.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. 1926లో మొదలైన ఫోర్డు ఇండియా కంపెనీ కెనడా ఫోర్డుకే అనుబంధ సంస్థ. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో షెవర్లేలు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ప్రీమియర్ కంపెనీ డాడ్జి, ప్లిమత్, డిసోటో కార్లతోపాటు ఫార్గో పేరుతో లారీలూ బిగించింది. పేర్లు వేరైనా లోపలి సామాను చాలావరకు ఒకటే. కాబట్టి మన దగ్గరి పాత డాడ్జిలో ప్లిమత్ భాగాలు కనిపించినంత మాత్రాన అది నకిలీ బండి కాదు, ఫ్యాక్టరీలోనే అలా పుట్టింది.

ప్రశ్న: మరి మన జీపు సంగతి?

మూలం అమెరికా విల్లీస్ కంపెనీది. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే మహీంద్రా కంపెనీ ఆ జీపులను తెచ్చి బిగించడం మొదలుపెట్టింది. మనవాళ్లు 'హై బానెట్' అనే సీజే 3బీ మోడల్ 1953లో వచ్చింది. ఎత్తైన కొత్త ఇంజను పట్టడం కోసమే దాని బానెట్ ఎత్తు పెంచారు. అమెరికాలో 1968లో ఆపేసిన ఆ జీపు మన దేశంలో దశాబ్దాలపాటు కొనసాగింది. 1980లలో ప్యూజో డీజిల్ ఇంజనున్న జీపులు రావడంతో ఖర్చు తగ్గి, ఏజెన్సీ దారుల్లో జీపుకు రెండో జన్మ దొరికింది. పేరు అమెరికాదే అయినా, ఆ ఆయుష్షు ఇక్కడిదే.

ప్రశ్న: సీ బుక్కులో ఒక పేరు, బానెట్ మీద ఇంకో పేరు ఉంటే తప్పా?

బానెట్ మీద పేరు చూసి బ్రేకు ఇన్‌స్పెక్టరు తేల్చడు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంధనం, సీట్ల సంఖ్య, బాడీ రకం చూస్తాడు. ఈ ఐదూ సీ బుక్కుతో సరిపోతే బండి మీదే. ఒక్కటి తేడా వచ్చినా సంజాయిషీ ఇవ్వాల్సిన బాధ్యత మీది.

ప్రశ్న: పెట్రోలు జీపుకు షెడ్డులో డీజిల్ ఇంజను వేయించాం. కెనడా పాంటియాక్‌లో షెవర్లే ఇంజను ఉండగా ఇది ఎందుకు తప్పు?

అది తయారీదారు చేసిన మార్పు, కాగితంలో మొదటి రోజు నుంచే ఉంది. షెడ్డులో చేసింది కాగితానికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట స్పష్టంగా చెప్పింది. ఉల్లంఘిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజను చెడిపోయి అదే రకం ఇంజను వేయించాల్సి వస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోండి, పని పూర్తయ్యాక సీ బుక్కులో ఎక్కించుకోండి. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొదట వెతికేది ఈ తేడాలనే.

ప్రశ్న: మా జీపు స్టీరింగు ఎడమ వైపుంది. నడపొచ్చా?

పాత జీపుల్లో ఇలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. చట్టంలోని 120వ సెక్షన్ వీటిని పూర్తిగా నిషేధించలేదు. నిర్దేశించిన సిగ్నల్ పరికరం పని చేసే స్థితిలో ఉండాలని మాత్రం అంటుంది. అందుకే ఇండికేటర్లు ఎప్పుడూ వెలగాలి. స్టీరింగును షెడ్డులో కుడి వైపుకు మార్పిస్తే పై ప్రశ్నలో చెప్పిన నియమమే దానికీ వర్తిస్తుంది.

హద్దు దాటడం

ప్రశ్న: ఇల్లు ఎటపాకలో, దుకాణం భద్రాచలంలో. రోజూ హద్దు దాటాలి. రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కావాలా?

అక్కర్లేదు. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది, ఇది 46వ సెక్షన్. బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడ రిజిస్టరు చేయించాలి. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితేనే 47వ సెక్షన్ కింద అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. పగలు దుకాణం ముందు నిలిపి, రాత్రికి ఇంటికి తీసుకెళ్లే బండి హద్దు దాటినంత మాత్రాన 'మకాం మార్చినట్టు' కాదు. ఇంటి చిరునామా రుజువు, బీమా, కాలుష్య ధ్రువపత్రం వెంట ఉంచుకోండి.

ప్రశ్న: మాది కూనవరం. 2014కు ముందు ఖమ్మంలో రిజిస్టరైన ఏపీ 20 నంబరు బండి. మేం ఇప్పుడు ఆంధ్రలో ఉన్నాం. ఏం చేయాలి?

2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, బూర్గంపాడులోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రం మారింది. ఏపీ 20 అనేది ఖమ్మం జిల్లా కోడ్. కాబట్టి నంబరు 'ఏపీ'తో మొదలైనా బండి రికార్డు ఏ రాష్ట్రం దగ్గర ఉందో ముందు చూసుకోవాలి. ఆ తర్వాతే చిరునామా మార్పుకో, రెన్యువల్‌కో, బదిలీకో దరఖాస్తు పెట్టండి. రికార్డు తెలంగాణలో ఉండి బండి ఆంధ్రలో ఉంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవడమే సరైన దారి. ఈ పని వాయిదా వేస్తే అమ్మేనాడు, లేదా యజమాని పోయిన నాడు పిల్లలు రెండు రాష్ట్రాల చుట్టూ తిరగాలి.

ప్రశ్న: కుంట వైపు ఒక జీపు చవకగా వస్తోంది. కొనొచ్చా?

కొనొచ్చు, ఈ వరుసలో చేస్తే:

1. చాసిస్ నంబరును మీ కళ్లతో చదవండి. చెరిపి కొట్టిన జాడ ఉంటే అక్కడే వదిలేయండి.
2. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ సంస్థ నుంచి 35వ ఫారం తీసుకోండి.
3. అమ్మేవాళ్లు 28వ ఫారంతో ఎన్‌వోసీకి దరఖాస్తు పెట్టాలి. ఆ ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తీయాలి. ముప్పై రోజుల్లో ఆఫీసు జవాబివ్వకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతోంది. అందుకే దరఖాస్తు ఇచ్చిన రసీదు పోగొట్టుకోవద్దు.
4. బదిలీకి 29, 30 ఫారాలు, కొత్త నంబరుకు 27వ ఫారం.
5. బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి ధర మాట్లాడుకునే ముందే ఈ లెక్క వేసుకోండి.

పాతబడిన బండి

ప్రశ్న: పదిహేనేళ్లు దాటితే బండి తుక్కేనా?

సొంత వాడకం బండికి అలాంటి నియమం మన దగ్గర లేదు. ఢిల్లీ ఆంక్షలు విని ఇక్కడ బేరగాళ్లు భయపెడతారు, నమ్మొద్దు. పదిహేనేళ్ల తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. దరఖాస్తు 25వ ఫారం. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు, జీపుల రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి 10,000. దీనికి రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. గడువు దాటితే నెలనెలా అపరాధ రుసుం పెరుగుతూ పోతుంది.

ప్రశ్న: 'వింటేజ్' రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదా?

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బండ్లకు 2021 జులైలో ఈ నియమాలు వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత 5,000 కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అంతకుముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు.

రెండు మెలికలు ఉన్నాయి. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కాబట్టి షెడ్డులో డీజిల్ ఇంజను వేయించిన 1960ల జీపుకు ఈ దారి మూసుకుపోయినట్టే. రెండోది, ఇలా రిజిస్టరైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ పనికి తిప్పకూడదు. సంతకూ చేనుకూ వెళ్లే జీపైతే మామూలు రెన్యువలే మేలు.

ప్రశ్న: ప్రభుత్వ శాఖ పాత జీపు వేలంలో వస్తే తీసుకోవచ్చా?

దాని వయసు చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే పోవాలి. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే కొన్ని ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. అలాంటి జీపును ఎవరైనా 'కాగితాలు చేయిస్తాం' అని అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి. సైన్యం అమ్మిన బండికైతే సంబంధిత అధికారులిచ్చిన 21వ ఫారం అసలు ప్రతి ఉండాల్సిందే. జిరాక్సు పనికిరాదు.

అడవి దారి

ప్రశ్న: సంత రోజున మా సొంత జీపులో నలుగురిని ఎక్కించుకుని కిరాయి తీసుకుంటే?

తెల్ల ప్లేటు బండిలో కిరాయి తీసుకోవడం పర్మిట్ లేని రవాణా. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. బీమా కూడా అక్కరకు రాకపోవచ్చు. బస్సు రాని గూడెంలో మీ జీపు ఎంత అవసరమో చూసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను: పర్మిట్ తీసుకోండి, ఎక్కినవాళ్ల ప్రాణానికి బీమా ఉండాలి.

ఒక మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. జబ్బుపడినవాళ్లను, గాయపడినవాళ్లను అత్యవసరంగా తీసుకెళ్లేందుకు, మందులు చేరవేసేందుకు బండి వాడితే ఈ శిక్ష వర్తించదని చట్టంలోని 192ఏ సెక్షనే చెబుతోంది. ఏడు రోజుల్లో రవాణా అధికారికి ఆ సంగతి తెలియజేయాలి. పురిటి నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చడానికి ఏ కాగితం కోసమూ ఆగకండి.

ప్రశ్న: కిన్నెరసాని అడవిలోకి జీపు తీసుకెళ్లొచ్చా?

అభయారణ్యం మీదుగా పోయే ప్రజా రహదారిపై వెళ్లొచ్చు. దారి దిగి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇంకో ప్రమాదం ఉంది: మీ బండిలో ఎవరైనా దొంగ కలప వేసి పట్టుబడితే అటవీ చట్టం కింద బండినే జప్తు చేయవచ్చు. మీకు తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్తలు తీసుకున్నాననీ మీరే రుజువు చేయాలి. తెలియనివాళ్లకు బండి అద్దెకివ్వకండి.

ప్రశ్న: ఏజెన్సీలో 1/70 చట్టం బండి అమ్మకానికీ వర్తిస్తుందా?

వర్తించదు. అది భూమి వంటి స్థిరాస్తి బదిలీలకు సంబంధించింది. గిరిజనుల నుంచి బండి కొనడానికీ, వాళ్లకు అమ్మడానికీ అది అడ్డు కాదు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: తాతయ్య పేరు మీద జీపు ఉంది. ఆయన పోయారు. ఇప్పుడు?

ముప్పై రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలియజేయండి. అలా చేస్తే మూడు నెలలపాటు బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపే మరణ ధ్రువపత్రం, వారసుల రుజువులతో 31వ ఫారం ఇవ్వాలి. మన ఊళ్లలో పెద్ద చిక్కు ఇక్కడే వస్తుంది. ఏళ్ల తరబడి బండి తాత పేరు మీదే తిరుగుతుంది, బీమా ఇంకొకరి పేరు మీద ఉంటుంది. ప్రమాదం జరిగితే బండి నష్టానికి బీమా పరిహారం అడగడం కష్టమవుతుంది.

మీ తాతయ్య ఇంకా ఉంటే ఈ వారమే ఆయన్ను జీపు దగ్గర కూర్చోబెట్టండి. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పైకి తేలతాయి. వాటిని సీ బుక్కుతో పోల్చి చూడండి. ఇంజను ఎప్పుడు మార్చారు, ఎక్కడ కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అన్నవి ఆయన చెప్పగానే రాసుకోండి. రేపు ఏ ఆఫీసులో ఏ ప్రశ్న ఎదురైనా జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.