అమ్మ లంగా, అమ్మాయి నడుము

చెల్లాయిలూ, పండగ దగ్గరకొచ్చేసింది. మా రోలుగుంటలో పొద్దున్నే మంచు, ముగ్గులు, గొబ్బెమ్మలు. నేను మాత్రం నిన్నటిదాకా నాలుగు రోజులు మిషను ముందు నుంచి లేవలేదు. ఎందుకో చెప్తాను, దగ్గరగా రండి.

ఈమధ్య నర్సీపట్నం నుంచి మా చెల్లి వచ్చింది. వస్తూనే సంచిలోంచి పాత పంచెలో చుట్టిన మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. "అప్పా, గుంటకి పండక్కి ఓణీ వేద్దామనుకుంటున్నాం. కొత్తది కొంటామంటే వద్దంటోంది. నా లంగాయే కావాలంట. నడుము చూస్తే దానికి రెండు చుట్లు తిరుగుతోంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అంది.

మూట విప్పాను. ఉప్పాడ పట్టు. ఆకుపచ్చ మీద జరీ బుటాలు. చెల్లి ఓణీలు కట్టిన రోజుల్లో నాన్న తెచ్చినది. ఉప్పాడ జాందానీ అంటే తెలుసు కదా, బుటా బుటాకీ విడిగా దారం తీసుకుని, నేతలోనే చేత్తో చొప్పిస్తూ పోతారు. ఒక్క చీరకు వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి బట్ట మీద కత్తెర పెట్టాలంటే నాకు చెయ్యి ఆడదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనత్త తన పట్టు లంగా నాకిచ్చింది. నడుము తగ్గించమని అమ్మ ఒక దర్జీకి ఇచ్చింది. ఆయన రెండు పక్కలా మూడేసి అంగుళాలు కోసేసి, చక్కగా కుట్టి ఇచ్చాడు. ఆ పండక్కి మహారాణిలా తిరిగాను. రెండేళ్ళకి ఒళ్ళొచ్చింది, లంగా పట్టలేదు. విప్పి చూస్తే లోపల విప్పడానికి ఏమీ లేదు. కోసిన ముక్కలు అమ్మ ట్రంకుపెట్టెలో చాలా ఏళ్ళు ఉండేవి, అంచుల్లో దారాలు జారిపోతూ. వాటిని చూసినప్పుడల్లా అమ్మ మొహం చిన్నబోయేది. మేనత్త ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అందుకే చెల్లాయిలూ, మొదటి మాటే చివరి మాటగా చెప్తున్నాను. కొయ్యకండి. కుచ్చిళ్ళలో దాచండి.

ఎలాగో చెప్తాను. చెల్లి లంగా నడుము 30 అంగుళాలు. పిల్లకి 24 కావాలి. అంటే 6 అంగుళాలు తగ్గాలి. కుచ్చిళ్ళు లెక్కపెట్టాను, 24 ఉన్నాయి. 6 అంగుళాలను 24 కుచ్చిళ్ళకి పంచితే ఒక్కోదానికి పావు అంగుళం. ఇంతకుముందు ఒక్కో కుచ్చి పైకి అంగుళంపావు కనబడేది, ఇప్పుడు అంగుళం కనబడుతుంది. అంతే తేడా! ఆ పావు అంగుళం మడత లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. బట్ట ఎక్కడికీ పోదు, అంచు ఘేరు తగ్గదు.

అంగుళమో, అంగుళన్నరో తగ్గించాలంటే ఇంత పని అక్కర్లేదు, పక్కనున్న హుక్కు జరిపితే చాలు. అంతకు మించి ఒక్క పక్కనే లాగితే హుక్కు దగ్గరి చీలిక ముందుకొచ్చేస్తుంది, ఒకచోట గుత్తిలా కుచ్చిళ్ళు, ఇంకోచోట బోడిగా ఉంటుంది.

కుచ్చిళ్ళ మర్మం మనకొక్కళ్ళకే తెలుసనుకోకండి. స్కాట్లాండులో మగవాళ్ళు కట్టే కిల్టు చూసే ఉంటారు, గళ్ళ ఉన్నిబట్టది. సంప్రదాయంగా చేత్తో కుట్టే పెద్దవాళ్ళ కిల్టుకి 8 గజాల దాకా బట్ట పడుతుంది, మన నాయనమ్మల తొమ్మిది గజాల చీరకి ఒక్క గజమే తక్కువ. ముందు సాదాగా ఉంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనకే. ఆ కుచ్చిళ్ళని తుంటి నుంచి నడుము దాకా సన్నం చేసుకుంటూ చేత్తో కుట్టేస్తారు. నడుము కాస్త తగ్గితే బకిల్సు జరుపుతారు. బాగా తగ్గితే నడుం పట్టీ విప్పి, ప్రతి కుచ్చిలోనూ కాస్త కాస్త లోపలికి తీసుకుంటారు. ఎంత దూరపు దేశమో చూడండి, చేసే పని మాత్రం మన పనే.

ఇక పనిలోకి. విప్పే ముందు ఫోనులో లోపలా బయటా ఫొటోలు తీసుకోండి. కుచ్చి ఏ వైపు తిరిగిందో తర్వాత గుర్తుండదు. కుట్టు విప్పేటప్పుడు దారం పట్టి లాగకండి, పట్టు పోగు పట్టుకుని వచ్చేస్తుంది. లోపలి వైపు నుంచి చిన్న కత్తెర మొనతో నాలుగు కుట్లకొకటి తెంపి, దారం మెల్లగా తియ్యండి. పట్టులో సూది గుచ్చిన చోట చిన్న చిల్లు ఉండిపోతుంది. అందుకని గుండుసూదులు నడుం పట్టీ కింద దాగిపోయే చోటే గుచ్చండి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన పల్చటి నూలుబట్ట వేసి చెయ్యాలి. జరీ మీద నీళ్ళు చల్లకండి.

కుచ్చిళ్ళు కొత్తగా మడిచాక ముందు చేత్తో టాకాలు వేసి, పిల్లకి కట్టి చూడండి. నిలబెట్టే కాదు, కింద కూర్చోబెట్టి కూడా. పండగపూట విస్తరి ముందు కూర్చుంటుంది, కడుపు నిండా తింటుంది కదా! రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. ఇప్పుడు మడతలు లోతెక్కాయి కాబట్టి నడుము దగ్గర బట్ట మందంగా ఉంటుంది. మిషను తొక్కేస్తే సూది విరుగుతుంది. చక్రం చేత్తో తిప్పుకుంటూ నెమ్మదిగా కుట్టండి. నడుం పట్టీ కూడా కొయ్యకుండా, మిగిలినది లోపలికి మడిచేయండి.

ఇంకో మాట, ఇది దారానికి సంబంధించింది కాదు. కొలత తీస్తుంటే మా గుంట కడుపు లోపలికి పీల్చుకుని నిలబడింది. "ఏమే?" అంటే, "అందరూ కర్రలా ఉన్నావంటారు పెద్దమ్మా, లంగా నాకు నప్పదేమో" అంది. నా గుండె కలుక్కుమంది. టేపు పక్కన పెట్టి, దాన్ని దగ్గరికి తీసుకున్నాను. "లంగా నీకు నప్పాలి గానీ, నువ్వు లంగాకి కాదమ్మా" అన్నాను. చెల్లాయిలూ, కొలత తీసే చేతుల్లో ఆడపిల్ల మనసు కూడా ఉంటుంది. సన్నమనీ లావనీ అప్పుడు అనకండి. జ్వరమొచ్చి చిక్కిన మనిషైనా, కాన్పయి ఒళ్ళొచ్చిన మనిషైనా అంతే. నడుము మారుతూనే ఉంటుంది. దానికి తగ్గట్టు మారే బట్ట ఇంట్లో ఉంటే ఆ మనిషికి ఎంత ధైర్యమో!

నిన్న సాయంత్రం చివరి కుట్టు వేశాను. పట్టీ లోపల, ఎవరికీ కనబడని చోట, పాత మడత ఎక్కడ ఉండేదో అక్కడల్లా ఎర్రదారంతో ఒక్కో చిన్న టాకా వేశాను. గుంట పెద్దదై ఒళ్ళొస్తే, నేను ఊళ్ళో ఉన్నా లేకపోయినా, విప్పే చేతికి దారి తెలుస్తుంది. మా చెల్లి ఆ ఎర్రదారాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఇరవై నాలుగూ ఉన్నాయి.