ముక్కు వెనక మళ్లీ వస్తే…

ధర్మవరం నుంచి ఒక చెల్లెలు ఫోన్‌లో ఒకటే గాబరా. "అక్కా, మా ఆడబిడ్డకు ముక్కు వెనక క్యాన్సరని కరెంటు పెట్టించినాం, తగ్గింది. ఇప్పుడు అక్కడే మళ్లీ వచ్చిందంట. లేజర్‌తో తీస్తామంటున్నారు. ముఖం కోస్తారా?"

కోయరమ్మా. ముక్కు వెనకాల, కొండనాలుకకు పైన చిన్న గదిలాంటి చోటు ఉంటుంది. డాక్టర్లు నాసోఫారింక్స్ అంటారు. ముక్కురంధ్రంలోంచి కెమెరా గొట్టం (ఎండోస్కోప్) పంపి, టీవీలో చూస్తూ, సన్నటి తీగ గుండా లేజర్ కాంతిని గడ్డ మీదికి వదులుతారు. ఆ వేడికి కండ తెగుతుంది, తెగిన చోటే చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. బయటికి ఒక్క గాటు కనపడదు.

మళ్లీ కరెంటే, అదే రేడియేషనే, పెట్టొచ్చు కదా అంటావు. పెడతారు. కానీ ఒకసారి కాలిన చోటే రెండోసారి కాలితే మింగడం, వినికిడి, దవడ తెరుచుకోవడం అన్నీ దెబ్బతింటాయి. అసలే నోరెండిపోయి సంగటి ముద్ద దిగని మనిషికి అదెంత నరకమో చూసినవాళ్లకే తెలుసు. ఈ జబ్బు ఎక్కువగా ఉండే దక్షిణ చైనాలో, మళ్లీ వచ్చిన 200 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. మూడేళ్ల తర్వాత ఎండోస్కోప్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నూటికి సుమారు 86 మంది బతికున్నారు, మళ్లీ కరెంటు పెట్టించుకున్నవాళ్లలో 68 మంది. అయితే వాళ్లందరివీ ఆపరేషన్‌కు అందే గడ్డలే. ముక్కు వెనకున్న ఆ చోటు పక్కనే మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఉంది. గడ్డ దాన్ని ఆనుకున్నా, పుర్రె ఎముకలోకి దిగినా లేజర్ పనికిరాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని నేను చెకప్‌ల గురించి పోరేది ఇందుకే. తగ్గిపోయిందని మానేస్తే, చిన్నగా ఉన్నప్పుడు దొరికేది పెద్దదయ్యాకే బయటపడుతుంది.

ఈ జబ్బు మన వైపు అరుదు. మన దేశంలో నాగాలాండ్, మణిపూర్‌లలో ఎక్కువ. దీని వెనక ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ హస్తం ఉంది. అరుదు కాబట్టే మనకు అనుమానం రాదు, జలుబనో సైనసనో నెలలు గడిపేస్తాం. పెద్దవాళ్లకు ఒకవైపు చెవే దిబ్బడేసి వదలకున్నా, చీమిడిలో రక్తపు చార కనబడినా, మెడలో నొప్పిలేని గడ్డ తేలినా ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోకి గొట్టం పెట్టి చూడాల్సిందే.

ఎక్కడికి పోవాలంటావా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లం రైలెక్కితే బెంగళూరే దగ్గర. అక్కడ కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో బసవతారకం ఉంది, హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణే దానికి ఛైర్మన్. బాలకృష్ణ అమ్మగారు క్యాన్సర్‌తో పోతే ఆమె పేరున ఎన్టీఆర్ తలపెట్టిన ఆసుపత్రి అది, 2000లో మొదలైంది. యాడికి పోయినా "లేజర్ మిషనుందా" అని అడగొద్దు. ఎండోస్కోప్‌తో తీసేవాళ్లకు లేజర్ ఒక పనిముట్టు మాత్రమే, కొందరు అది లేకుండానే తీస్తారు. "మళ్లీ వచ్చిన ఇట్లాంటివి మీరు ఎన్ని చేశారు?" అని మొహమాటం లేకుండా అడుగు. ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరకముందే కనుక్కో.

ఆపరేషన్ అయ్యాక లోపల పక్కులు కడతాయి, వాసనొస్తుంది. కరెంటు తిన్న కండ తొందరగా మానదు. డాక్టరు చెప్పినట్టు ఉప్పునీళ్లతో ముక్కు కడుగుతూనే ఉండాలి, ఆడబిడ్డ విసుక్కున్నా సరే. ముక్కులోంచో నోట్లోంచో రక్తం ధారగా వస్తే మాత్రం తెల్లారనిద్దామని కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

పాత కరెంటు కాగితాలు ఎక్కడున్నాయో ఈ రాత్రికే వెతుకు. కరెంటు మోతాదు ఎన్ని గ్రేలు పెట్టారో రాసిన డిశ్చార్జి సమ్మరీ, మొదటి బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీలు, అన్నీ ఒకే సంచిలో పెట్టు. కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.