మీటింగులో నోరు విప్పరు, బయట ఆగరు



మాది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకులోని గొల్లపల్లి వైపు. ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షలు చేసే బృందాన్ని నేను చూసుకుంటాను. నర్సమ్మ, ఇద్దరు కుర్రాళ్లు రాయ్‌పూర్, దుర్గ్ నుంచి వచ్చారు. వాళ్లకు హిందీ తప్ప రాదు. మితానిన్‌లు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు) ఇక్కడివాళ్లే, దోర్లా, తెలుగు మాట్లాడతారు. నాకు అన్నీ వచ్చు కాబట్టి తగువులన్నీ నా దగ్గరికే వస్తాయి. “సగం ఇళ్లు చూపించరు” అని బయటినుంచి వచ్చినవాళ్లంటారు. “మా ఊళ్లో మమ్మల్నే కూలీల్లా తిప్పుకుని పేరు వాళ్లు కొట్టేస్తారు” అని మితానిన్‌లంటారు. మందులు పూర్తిగా వాడనివాళ్ల లెక్క తేలక ఒక మీటింగులో అందరి ముందూ గట్టిగా నిలదీశాను. అప్పటినుంచి మీటింగుల్లో ఎవరూ మాట్లాడటం లేదు. రిజిస్టర్ మాత్రం సవ్యంగా ఉంటోంది. అందర్నీ భద్రాచలం తీసుకెళ్లి దర్శనం చేయించి భోజనాలు పెడితే కలుస్తారని మావారంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక సోదరి

అమ్మా,

భద్రాచలం వెళ్లిరండి, పుణ్యమే. కానీ బస్సు దిగగానే మళ్లీ అటు కొందరు, ఇటు కొందరు అవుతారు. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది తగువుల గురించి చదివి కాదు, రిజిస్టర్ సవ్యంగా ఉందన్నారే, ఆ మాట చదివి.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. కలిసికట్టుగా ఉన్నచోట మందుల పొరపాట్లు తక్కువ కనిపిస్తాయని ఆమె అనుకున్నారు. తీరా చూస్తే అలాంటి చోటే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, చెప్పినా ఎవరూ విరుచుకుపడరన్న ధైర్యం వాళ్లకుంది.

మీ దగ్గర ఏం జరుగుతోందో ఊహించగలను. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం రెండు మూడు రోజుల్లో దిగుతుంది, రోగి మాత్రలు అటకెక్కించి తునికాకుకో ఇప్పపువ్వుకో అడవికి పోతాడు. ఆ సంగతి ముందు తెలిసేది మితానిన్‌కే. (తెలంగాణ పాఠకుల కోసం: మితానిన్ అంటే మన ఆశా కార్యకర్త లాంటి ఆవిడే. ఛత్తీస్‌గఢ్‌లో 2002లోనే, ఆశా పథకం రాకముందే మొదలయ్యారు.) చెబితే తిట్లు తినాలి. పైగా నర్సమ్మకు నెల జీతం వస్తుంది, ఈమెకు వచ్చేదాంట్లో చాలా భాగం చేసిన పనిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకమే. అందుకే ఆమె నోరు మూసుకుంటుంది, నర్సమ్మ టిక్కు పెడుతుంది. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరమై లేస్తుంది.

ఇక మీదట “ఎందుకు పూర్తి కాలేదు?” అని అడగకండి. “ఏ ఇంట్లో మాత్రలు మిగిలాయి?” అని అడగండి. మొదట చెప్పినామెను ఒక్క మాట కూడా అనకండి, ఆ ఇంటికి ఆమెతో నర్సమ్మను పంపండి. మీటింగు తెలుగులోనో దోర్లాలోనో మొదలుపెట్టి, ముందు మితానిన్‌లతో మాట్లాడించండి. హిందీవాళ్లు కాసేపు అర్థం కాక కూర్చుంటే నష్టం లేదు, ఇన్నాళ్లూ అవతలివాళ్లు అలాగే కూర్చున్నారు.

ఇంకో మాట, మీకు కొంచెం కష్టంగా ఉంటుంది. మధ్యవర్తిత్వం మానేయండి. రెండు వైపులవాళ్లూ మీతోనే మాట్లాడుతున్నంతకాలం వాళ్లలో వాళ్లు మాట్లాడుకోరు. ఒక కుర్రాడికీ ఒక మితానిన్‌కూ ఒక గూడెం అప్పగించండి. పరీక్షలూ మందులూ ఇద్దరి బాధ్యతే, రిజిస్టర్లో ఇద్దరి సంతకాలూ ఉండాలి. మీ బస్తర్ ప్రాంతంలో 2020 నుంచి ఇంటింటి పరీక్షలు చేస్తున్నది జ్వరం లేనివాళ్లలోనూ మలేరియా ఉంటుందనే. ఒంట్లో బాగానే ఉన్న మనిషిని వేలు చాపమంటే, పరాయి ఊరి కుర్రాడి మాట వినడు. ఊరామె చెబితే వింటాడు. అది నాలుగు ఇళ్లు తిరిగితే ఆ కుర్రాడికే తెలుస్తుంది. ఆ పిల్లల మీదా కాస్త దయ ఉంచండి, ఇల్లు వదిలి, మాట తెలియని అడవికొచ్చారు.

తెలిసి దొంగ లెక్క రాసినవాళ్లు ఉంటే మాత్రం ఐకమత్యం పేరుతో కాపాడవద్దు. పక్కకు పిలిచి నిలదీయండి.

అన్నిటికంటే ముందు, మితానిన్‌ల ప్రోత్సాహకం కాగితాలు ఎక్కడైనా ఆగి ఉంటే వచ్చే మీటింగులోపు కదిలించండి. రావలసిన డబ్బు రానివాళ్లకు కలిసి పనిచేయమని చెప్పే అర్హత ఎవరికీ లేదు.