సీట్లు తీసినా అది బస్సే

1976లో నరసరావుపేట ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరాను. 1997లో మా అక్క పిలిపించుకుంటే భార్యాపిల్లలతో టెక్సస్ వచ్చి, డాలస్ దగ్గర ఒక ఊరి బస్సుల గరాజులో ఇరవై ఏళ్లు చేశాను. రిటైరయ్యాక 2018లో ఒక పాత షటిల్ బస్సు కొని ఇల్లుగా మార్చుకున్నాం. అది నిలవలేదు. 2020లో ఇంకోటి కొన్నాం. ఉన్న ఇల్లు అమ్మేసి, నేనూ మా ఆవిడా ఏడాది పొడుగునా ఈ రెండో బస్సులోనే ఉంటున్నాం.

మేనల్లుళ్లు, వాళ్ల స్నేహితులు, ముక్కూమొహం తెలియని పిల్లలు కూడా ఫోన్ చేసి, మేమూ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి అని అడుగుతుంటారు. మంచం ఎటు వెయ్యాలి, సోలారు ఎన్ని వాట్లు పెట్టాలి అంటారు. నేను ముందు బస్సు గురించే చెప్తాను. ఇల్లు కట్టడంలో మనకి తెలిసిన లెక్కలన్నీ కదలని నేల మీద లెక్కలు. ఇది వానలో గంటకి అరవై మైళ్లు పరుగెత్తాల్సిన ఇల్లు.

1. ఎందుకు అమ్ముతున్నారో తెలుసుకోండి

ఎయిర్‌పోర్టు హోటళ్లు, చర్చిలు, వృద్ధాశ్రమాలు, ఊరి రవాణా శాఖలు నడిపే ఈ బస్సులు ముందు వ్యానులా, వెనక పెట్టెలా ఉంటాయి. ఫోర్డ్, షెవ్రొలె వ్యాను చాసీ తెచ్చి దాని మీద వేరే కంపెనీ బాడీ కడుతుంది, మన దగ్గర లారీ చాసీ కొని బాడీ కట్టించినట్టే. ఊరి రవాణా శాఖలు వీటిని ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సాయంతో కొంటాయి. ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ లెక్కలో ఈ రకం బస్సు కనీసం 5 ఏళ్లో 1,50,000 మైళ్లో తిరగాలి, ఇంకా చిన్నదైతే 4 ఏళ్లో 1,00,000 మైళ్లో. ఆ గడువు దాటాక కొత్తది కొనుక్కుని పాతది వేలానికి పెడతారు. చాలాసార్లు చెడిపోయి కాదు, గడువు తీరి అమ్ముడుపోతాయి. అందుకే నాకు ఊరి బస్సే ఇష్టం. ఆయిలు ఏ తారీకున మార్చారో, బ్రేకులు ఎప్పుడు వేశారో రాసిన ఫైలు ఉంటుంది. అడిగి తీసుకోండి.

మైళ్లు ఒక్కటే చూడకండి. షటిల్ బస్సు హోటలు ముందు ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా గంటలకి గంటలు నిలబడుతుంది. మీటరు కదలదు, ఇంజను మాత్రం అరుగుతుంది. బస్సులు నడిపేవాళ్లు అలా నిలబడిన గంటని 25 నుంచి 33 మైళ్ల పరుగుగా లెక్కేస్తారు. ఇంజను గంటలు చూసి మీరూ ఆ లెక్క కట్టుకోండి. టైరు పక్కన నాలుగంకెలు కూడా చదవండి: 3517 అంటే 2017లో 35వ వారం. ఏడేళ్లు దాటిన టైరుని, గాడులు ఎంత లోతుగా కనిపించినా, నేను నమ్మను.

2. నేల గుచ్చి చూడండి

మొదటి బస్సు కొన్నప్పుడు మూడు గంటలు ఇంజను దగ్గరే గడిపాను. కంప్రెషన్ చూశాను, ట్రాన్స్‌మిషన్ ఆయిలు వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. బాడీ లోపల ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. రబ్బరు మ్యాటు నల్లగా, శుభ్రంగా మెరుస్తోంది. దాన్ని నమ్మాను.

ఎనిమిది నెలలు కష్టపడి లోపలంతా కట్టాం. మరుసటి ఏడు వానలు పడ్డాక మంచం కింద పుట్టగొడుగుల వాసన మొదలైంది. మా ఆవిడ ముందు పసిగట్టింది. కూరగాయలేవో కుళ్లి ఉంటాయన్నాను. రెండు వారాలు పోయాక మంచం విప్పి, మ్యాటు కోసి చూస్తే అడుగున ప్లైవుడ్ తడిసిన అట్టలా ఉంది. స్క్రూడ్రైవరు ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది. లాగితే ఆ కంతలోంచి కింద రోడ్డు కనిపించింది. వేలు పెడితే నానిన పుస్తకంలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. వెనక ఎమర్జెన్సీ కిటికీ చుట్టూ సీలు ఎప్పుడో ఎండి పగిలింది. అక్కడ దూరిన నీళ్లు గోడ లోపలినుంచి దిగి నేలలో చేరాయి. పైన రబ్బరు పరిచి ఉంది కాబట్టి ఆరే దారి లేదు. చక్రాల గూళ్ల దగ్గర కింద నుంచి చిమ్మే నీళ్లు మిగతా పని చేశాయి. మంచాన్నీ నీళ్ల ట్యాంకునీ పట్టుకున్న మరలన్నీ ఆ కుళ్లిన చెక్కలోనే ఉన్నాయి. బస్సు స్క్రాపుకి ఇచ్చేశాం. మా ఆవిడ తన చేత్తో రంగులేసుకున్న అలమారా తలుపులు మాత్రం విప్పి తెచ్చుకుంది.

స్కూలు బస్సుకి ఒళ్లంతా ఇనుము. షటిల్ బస్సుల్లో ఎక్కువ వాటికి ఇనుప చట్రం మీద ఫైబర్ పలకలు, కింద చెక్క నేల. అందుకే తేలిక, అందుకే నీటికి లోకువ. కొనేరోజు సన్నని స్క్రూడ్రైవరు, టార్చిలైటు పట్టుకెళ్లండి. బస్సు కింద దూరి మెట్ల దగ్గర, చక్రాల గూళ్ల చుట్టూ, వెనక మూలల్లో, చక్రాల కుర్చీల లిఫ్టు ఉంటే దాని తలుపు కింద గుచ్చి చూడండి. హోస్ పైపుతో కప్పు మీద పావుగంట నీళ్లు కొట్టనివ్వమని అడగండి. వద్దంటే ఇంకో బస్సు చూసుకోండి. కొన్నాక లోపల ఒక్క చెక్క బిగించే ముందు కిటికీల సీళ్లు, కప్పు హాచ్ సీలు పూర్తిగా గీకేసి కొత్తవి వెయ్యండి. పాతదాని మీద పూత పూస్తే నిలవదు. ఇప్పటికీ ఏటా రెండుసార్లు కప్పు ఎక్కి చూస్తాను.

3. రెండు సీట్లు ఉంచుకోండి

సీట్లు ఊడదీయడం ఇద్దరి పని, ఒకరు లోపల, ఒకరు కింద. తుప్పు పట్టిన నట్లకి ముందురోజు రాత్రే నూనె కొట్టి వదిలేయండి, అప్పటికీ రాకపోతే గ్రైండరు పెట్టండి. కానీ అన్నీ తీసెయ్యకండి. బెల్టులున్న రెండు సీట్లు వాటి అసలు పట్టాల మీదే ఉండనివ్వండి. మనవలు సోఫా మీద కూర్చుంటే నేను తాళం తిప్పను.

4. బరువు తూచండి, ముందూ వెనకా

చిన్నప్పుడు శివరాత్రికి మా నాయనమ్మ కోటప్పకొండ తిరునాళ్లకి గూడుబండిలో తీసుకెళ్లేది. అడుగున వరిగడ్డి, దాని మీద దుప్పటి, ఒక గిన్నె, ఒక చెంబు, అటుకుల మూట. అందరం ఎక్కాక మా తాత కాడి ఎత్తి చూసేవాడు, ముందు బరువా వెనక బరువా అని. ఎద్దుల మెడ మీద ఎక్కువ పడకుండా, కాడి పైకి లేవకుండా మమ్మల్ని అటూ ఇటూ జరిపేవాడు.

ఈ పనికి ఇక్కడ ట్రక్కు స్టాపుల్లో క్యాట్ స్కేలు ఉంటుంది. ముందు యాక్సిల్ ఎంత, వెనక యాక్సిల్ ఎంత అని విడివిడిగా కాగితం ఇస్తుంది. నాది ఫోర్డ్ ఈ-450. మొత్తం బరువు 14,500 పౌన్లు మించకూడదని డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంది. నీళ్లు గ్యాలనుకి 8.3 పౌన్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే ఇద్దరు మనుషుల బరువు. నేను మూడుసార్లు తూచాను: సీట్లు తీశాక, సగం కట్టాక, అన్నీ సర్ది నీళ్లు నింపి మేమిద్దరం కూర్చున్నాక. సగంలో తూచినప్పుడే బయటపడింది, ట్యాంకు వెనక యాక్సిల్ దాటి మరీ వెనక్కి పోయిందని. తోక బరువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు చేతిలో ఉండదు. ట్యాంకు విప్పి యాక్సిల్‌కి ముందుకి తెచ్చాను. రెండు రోజుల పని. అదే అంతా కట్టాక అయితే రెండు నెలల పని.

5. మన వంటకి మన లెక్క

ఇక్కడివాళ్లు రాసిన పుస్తకాలు రొట్టె కాల్చుకుని తినేవాళ్లకి సరిపోతాయి. మనం అన్నం వార్చాలి, పప్పు ఉడకాలి, పోపు పెట్టాలి. గ్యాసు మండినా నీటావిరి పుడుతుంది, దానికి కుక్కరు ఆవిరి తోడు. బయట చలిగా ఉన్న రాత్రి ఆ ఆవిరంతా గోడల్లోని ఇనుప కమ్మీలకి తగిలి చెమటలా కారుతుంది. అందరూ కమ్మీల మధ్య ఇన్సులేషన్ కుక్కి కమ్మీలని వదిలేస్తారు. చలి వచ్చేది వాటిలోంచే. వాటి మీద కూడా ఫోమ్ పట్టీ అంటించండి. పొయ్యికి పైగా కప్పులో గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టి, ఎదుటి కిటికీ బెత్తెడు తెరిచి వండండి. ఎండుమిరపకాయలు వేయించడం, చేపల పులుసు మాత్రం బయటి పొయ్యి మీదే. ఆ ఘాటు పరుపుల్లో వారం ఉంటుంది.

ప్రొపేన్ గాలికన్నా బరువు, నేలకి పారుతుంది. దాని అలారం మోకాలి కన్నా కిందే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట ఉండాలి. ఈ రెండూ లేకుండా ఒక్క రాత్రి కూడా నిద్రపోకండి. ఇది బతిమాలి చెప్తున్నాను.

6. కరెంటుని యూనిట్లలో లెక్కెయ్యండి

మా ఆవిడ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి మాకు కరెంటు సరదా కాదు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది దాదాపు రెండున్నర యూనిట్లు. 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి అరగంట వెలిగితే అందులో ముప్పాతిక యూనిట్ పోయింది. కాబట్టి అన్నం గ్యాసు మీద, కరెంటు ఫ్రిజ్‌కి.

లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జి చెయ్యకూడదు. నేనూ మొదట బ్యాటరీలని బస్సు కింద పెట్టెలో పెట్టాను. ఆరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నవంబరు పొద్దున ఎండ ఫెళ్లున కాస్తోంది, సోలారు మాత్రం ఒక్క ఆంపియర్ ఎక్కించట్లేదు. బ్యాటరీ బాగా చల్లబడి తనని తానే కాపాడుకుంటోంది. ఇన్సులిన్ పెట్టె చేత్తో పట్టుకుని మా ఆవిడ నా వైపు చూసింది. ఆ మధ్యాహ్నమే బ్యాటరీలని లోపలికి, మంచం కిందికి మార్చాను. తీగ ఇనుములోంచి దూరే ప్రతి చోటా రబ్బరు బుష్ వెయ్యండి. ఇంట్లో తీగ గోడలో కదలకుండా ఉంటుంది, బస్సులో రోజంతా రాసుకుంటుంది.

7. కాగితాలు

డ్రైవరుతో కలిపి 16 మందికో అంతకన్నా ఎక్కువ మందికో కట్టిన బస్సు నడపాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలి. వేలంలో కొని ఇంటికి తెచ్చే ముందే మీ రాష్ట్రంలో కనుక్కోండి. తర్వాత టైటిల్‌ని మోటారు హోమ్‌గా మార్పించాలి. వంట, ఫ్రిజ్, టాయిలెట్, హీటరో ఏసీయో, సింకుతో నీళ్లు, 110 వోల్టుల కరెంటో గ్యాసో, ఈ ఆరింట్లో నాలుగుండాలని చాలా చోట్ల అడుగుతారు. పని జరుగుతున్నంతకాలం ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇన్సూరెన్సు ఎవరిస్తారో బస్సు కొనకముందే ఖాయం చేసుకోండి.

నా వయసువాళ్లకి ఆరోగ్య బీమా గురించి ఒక మాట. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి డాక్టర్లు ఒక ప్రాంతానికే పరిమితం. అసలు మెడికేర్ అయితే దేశమంతటా దాన్ని తీసుకునే ఏ డాక్టరు దగ్గరైనా చెల్లుతుంది. తిరిగేవాళ్లు ఈ సంగతి తేల్చుకున్నాకే ఇల్లు అమ్మాలి. 62 నిండిన పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి నేషనల్ పార్కుల సీనియర్ పాస్ 80 డాలర్లకి జీవితాంతం వస్తుంది. దానితో చాలా ప్రభుత్వ క్యాంపు స్థలాల్లో సగమే కట్టాలి.

8. ఎక్కిన గేరులోనే దిగండి

శ్రీశైలం ఘాట్ మీద తిరిగిన మా డ్రైవర్ల మాట ఇది. కొలరాడోలో ఐ-70 రోడ్డు మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజను బలం సుమారు మూడు శాతం పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి మూడోవంతు లేదు. ఎక్కడం నెమ్మదవుతుంది, పరవాలేదు. దిగేటప్పుడే ప్రమాదం. లో గేరులో పెట్టి ఇంజనుతో ఆపుకుంటూ దిగండి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకండి. బయల్దేరే ముందు ఇంకో జాగ్రత్త. డిపోలో మా ఫోర్‌మన్, బండి చుట్టూ ఒకసారి తిరగకుండా డ్రైవరుని సీటెక్కనిచ్చేవాడు కాదు. నేనూ ఎక్కను.

9. లిఫ్టు పీకెయ్యకండి

మొదటి బస్సులో చక్రాల కుర్చీల లిఫ్టుని మొదటివారమే పీకి అమ్మేశాను, బరువనీ, చోటు తింటుందనీ. రెండోదానికీ అదే చెయ్యబోతే మా ఆవిడ వద్దంది. వికలాంగుల చట్టం ప్రకారం అది కనీసం 600 పౌన్లు మొయ్యాలి. బియ్యం బస్తాలు, నీళ్ల డబ్బాలు, గ్యాసు సిలిండర్లు దాని మీదే ఎక్కుతాయి. 2022లో తనకి మోకాలి ఆపరేషను అయితే డాక్టరు కొన్నాళ్లు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆసుపత్రి నుంచి నేరుగా బస్సుకే తెచ్చాను. లిఫ్టు మీద నిలబడి కమ్మీలు పట్టుకుని, ఒక్క మెట్టు ఎక్కకుండా తన వంటింట్లోకి వచ్చింది.

చలికాలం మా మజిలీ ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్. అక్కడ ప్రభుత్వ ఎడారి భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేం కట్టింది 180 డాలర్లు. సాయంత్రం పూట మా ఆవిడ లిఫ్టుని సగం ఎత్తులో ఆపి, దాని మీద చాప పరుచుకుని చిక్కుళ్లు ఒలుస్తుంది. దాన్ని అరుగు అంటుంది. పక్క బండ్లలోని ముసలమ్మలు కుర్చీలు తెచ్చుకుని దాని చుట్టూ చేరతారు, వాళ్లకీ ఆ మాట వచ్చేసింది.

ఏప్రిల్లో బయల్దేరే పొద్దున స్విచ్చి మీద వేలు పెట్టి అడుగుతుంది, "ఏవండీ, అరుగు లోపలికి తీసెయ్యనా?"

"ఉండు, బండి చుట్టూ ఒకసారి తిరిగొస్తా."