కర్తవ్యము దొరకు చోటు

దారి మూసికొనిపోయినదని తోఁచినపుడు మనము కర్తవ్యమును మన మనస్సులోనే వెదకుచుందుము. అది తఱచుగాఁ బరుల కష్టమునందు దొరకును.

1939లో యుద్ధము రాఁగా, వియన్నాలో జన్మించిన హైమెండార్ఫ్ పండితుఁడు శత్రుదేశీయుఁడని యెంచఁబడి హైదరాబాదు రాజ్యము దాఁటరాదని నిర్బంధింపఁబడెను. 1940లో ఆదిలాబాదు జిల్లా జోడేఘాటునందు, భూమికై పోరాడిన కొమురం భీము తుపాకి కాల్పులలో మరణించెను. పిమ్మట గోండుల స్థితిని బరిశీలించు పని యా పండితునకు వచ్చెను. ఆయన వ్రాఁతతోఁ దృప్తిపడలేదు. గోండు యువకులను ఉపాధ్యాయులుగాఁ దీర్చు పాఠశాల 1943లో మార్లవాయియం దాయన ప్రోద్బలమున వెలసెను. 1987లో మరణించిన యాయన భార్య సమాధియు నా గ్రామముననే యున్నది. నిర్బంధము తొలఁగిన తరువాతఁ బని చేయుదమని యాయన కాలము గడపలేదు. హద్దులోపలనే పనిని గనుఁగొనెను.

మేమును న్యాయవాదవృత్తియందు విసిగి, ధ్యానమున జవాబునకై చిరకాలము వేచితిమి. అది పట్టాలేని యొక రైతు కాగితముల మూటగా మా వాకిటికి వచ్చెను.

కావున ప్రార్థన విడువకుఁడు. ముగిసినంతనే లేచి, వాకిట నెవరు నిలిచియున్నారో చూడుఁడు. ఈశ్వరుని యుత్తరము వారే కావచ్చును.