చిన్న జాతి కుక్కల్లో టీకా పునరావృతానికి ముందు ప్రతిరక్షకాల పరీక్ష: ప్రయోజనాలు, పరిమితులు

పామరేనియన్, పగ్, షిట్జు వంటి చిన్న జాతి కుక్కల్లో కొన్నింటికి టీకా వేసిన కొద్ది గంటల్లో ముఖం వాయడం, ఒంటిపై దద్దుర్లు, వాంతులు, అరుదుగా కుప్పకూలిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఇటువంటి అనుభవం ఎదురైన యజమాని మరుసటి ఏడాది కుక్కను టీకాకు తీసుకురావడమే మానుకునే ప్రమాదం ఉంది. అన్ని టీకాలూ ఏటా వేయడానికి, అన్నింటినీ ఆపివేయడానికి నడుమ శాస్త్రీయమైన మార్గాన్ని రక్తంలోని ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పరీక్ష చూపుతుంది. అయితే ఈ పరీక్ష ఏ వ్యాధులకు వర్తిస్తుందో, వేటికి వర్తించదో విస్తరణ సిబ్బందికి స్పష్టంగా తెలిసి ఉండాలి.

చిన్న కుక్కల విషయంలో ప్రత్యేక శ్రద్ధ ఎందుకు?

టీకా మోతాదు శరీర బరువును బట్టి మారదు. 3 కిలోల పామరేనియన్‌కూ, 50 కిలోల గ్రేట్ డేన్‌కూ మోతాదు ఒక్కటే. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల టీకా వివరాలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టీకా వేసిన మూడు రోజుల్లో ప్రతి 10,000 కుక్కలకు సుమారు 38 చొప్పున ప్రతికూల లక్షణాలు నమోదయ్యాయి. బరువు తగ్గిన కొద్దీ ముప్పు పెరిగింది. 10 కిలోలు, అంతకు తక్కువ బరువు గల కుక్కల్లో ఒకే రోజు అదనంగా వేసిన ఒక్కొక్క టీకాకు ముప్పు 27 శాతం చొప్పున అధికమైంది. మొత్తం మీద ముప్పు స్వల్పమే అయినా, అవసరం లేని టీకాను మానడం వివేకం. మోతాదును సగానికి తగ్గించడం మాత్రం సరికాదు. అలా చేస్తే రక్షణ కలుగుతుందన్న భరోసా ఉండదు.

పరీక్ష వర్తించే వ్యాధులు

డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ వల్ల కలిగే కాలేయ వ్యాధి: ఈ మూడింటికి పరీక్ష నమ్మదగినది. వీటి సజీవ టీకాలు ఇచ్చే రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం ఎదిగిన కుక్కలకు వీటిని మూడేళ్లకు ఒకసారి కంటే తరచుగా వేయనవసరం లేదని సూచిస్తున్నది. ఎదిగిన కుక్కలో ప్రతిరక్షకాలు ఉంటే రక్షణ ఉన్నట్లే. లేకుంటే టీకా వేయాలి. ఫలితం ప్రతికూలమైనా కొన్ని కుక్కల్లో జ్ఞాపక కణాల వల్ల రక్షణ మిగిలి ఉండవచ్చు. కానీ దానిని నమ్ముకుని టీకా మానరాదు.

పిల్లల్లో తల్లి నుంచి సంక్రమించిన ప్రతిరక్షకాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. కనుక 16 వారాలు లేదా ఆపై వయస్సులో చివరి టీకా వేసి, కనీసం నాలుగు వారాలు గడిచిన తరువాతే పరీక్షించాలి.

పరీక్ష వర్తించని వ్యాధులు

లెప్టోస్పైరా టీకా రక్షణ సుమారు ఏడాది మాత్రమే ఉంటుంది. రక్తంలోని ప్రతిరక్షకాల స్థాయికి, వాస్తవ రక్షణకు పొంతన ఉండదు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపించే ఈ వ్యాధి మనుషులకూ సోకుతుంది. వరి పొలాలు, నీరు నిలిచే ప్రాంతాల్లో తిరిగే కుక్కలకు దీనిని ఏటా వేయించడమే మార్గం.

రేబిస్ విషయంలో అపోహ మరింత ప్రమాదకరం. ఐరోపా సమాఖ్య దేశాలకు మన దేశం నుంచి కుక్కను తీసుకువెళ్లాలంటే రక్తరసంలో మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల రేబిస్ ప్రతిరక్షకాలు ఉండాలి. ఈ పరీక్ష టీకా పనిచేసిందని నిర్ధారించడానికే తప్ప, టీకాకు ప్రత్యామ్నాయం కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కాబట్టి పరీక్ష ఫలితం ఎలా ఉన్నా గడువు ప్రకారం టీకా వేయించవలసిందే.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

• గతంలో వేసిన టీకాలు, తేదీలు, కనిపించిన లక్షణాలను ముందుగా నమోదు చేయాలి.
• మూడు వైరస్ వ్యాధులకు ప్రతిరక్షకాలు ఉంటే ఆ టీకాను వాయిదా వేయవచ్చు. ఎలైసా సూత్రంపై పనిచేసే కిట్లతో సుమారు అరగంటలో ఫలితం తెలుస్తుంది.
• అటువంటి కుక్కకు సంయుక్త టీకా బదులు, విడిగా లభించే చోట లెప్టోస్పైరా టీకాను మాత్రమే వేయాలి.
• గతంలో ప్రతికూల లక్షణాలు కనిపించిన కుక్కకు ఒకే రోజు అనేక టీకాలు వేయకుండా వేర్వేరు రోజుల్లో వేసి, కొంతసేపు వైద్యశాలలోనే గమనించాలి.
• పరీక్ష సౌకర్యం లేనిచోట మూడేళ్ల వ్యవధిని అనుసరించవచ్చు. టీకా చరిత్ర తెలియని కుక్కకు పరీక్ష కోసం ఎదురుచూడక టీకా వేయడమే క్షేమం.

ముగింపు

ప్రతిరక్షకాల పరీక్ష టీకాలను మానడానికి సాకు కాదు. ఏ టీకా ఎప్పుడు అవసరమో నిర్ణయించుకునే సాధనం. ఒక టీకాపై కలిగిన భయం రేబిస్ టీకాను కూడా దూరం చేయకుండా యజమానికి నచ్చజెప్పగలిగితే, కుక్కతో పాటు ఆ ఇంటివారికీ రక్షణ కలుగుతుంది.